క్షయ రోగి కుటుంబ సభ్యులకు పరీక్షలు

ఇంట్లో ఒకరికి ఊపిరితిత్తుల క్షయ (టీబీ) అని తేలగానే, వారితో కలిసి ఉంటున్నవారిలో జబ్బు ఎవరికుందో, క్రిమి మాత్రమే ఎవరికి సోకిందో తేల్చి మందులివ్వడాన్ని కుటుంబ సభ్యుల పరీక్ష అంటారు. భారతదేశంలో ఇది జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంలో భాగం.

నేపథ్యం

క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుంది. రోగి కంచం, గ్లాసు వేరుచేస్తే అది ఆగదు. ఆ పని మనిషిని బాధపెట్టడానికే తప్ప ఎందుకూ పనికిరాదు. క్రిమి సోకినవారిలో 5 నుంచి 10 శాతం మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు వస్తుంది. మొదటి రెండేళ్లలో ఆ ముప్పు ఎక్కువ.

1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం కొందరు రోగులకు శానటోరియంలో, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చి చూసింది. రోగి ఇంట్లో ఉన్నంత మాత్రాన కుటుంబానికి ముప్పు పెరగలేదు. సోకవలసినది చాలావరకు జబ్బు బయటపడకముందే సోకుతుంది. కాబట్టి రోగిని దూరం పెట్టడం కాదు, ఇంటిల్లిపాదినీ వెంటనే పరీక్షించడమే అసలు రక్షణ.

పరీక్ష విధానం

చికిత్స మొదలవడానికి ముందు మూడు నెలల్లో రోగితో ఒకే కప్పు కింద ఒక్క రాత్రి గడిపినవారు, పగటిపూట ఎక్కువసేపు కలిసి ఉన్నవారు కూడా కుటుంబ సభ్యుల లెక్కలోకి వస్తారు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా అని ముందుగా అడుగుతారు. పిల్లల్లో బరువు పెరగకపోవడం, ఆటల్లో హుషారు తగ్గడం గమనిస్తారు. అనుమానముంటే ఎక్స్‌రే తీసి, ట్రూనాట్ లేదా సీబీనాట్‌తో కళ్లె పరీక్ష చేస్తారు.

క్రిమి సోకిందో లేదో చూడటానికి మాంటూ పరీక్ష ఉంది. ముంజేతి చర్మంలోకి సూదిమందిచ్చి 48 నుంచి 72 గంటల్లో చూస్తారు. కొలవవలసింది ఎర్రదనాన్ని కాదు, వేలికి తగిలే గట్టిదనాన్ని. అది 10 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే సామాన్యంగా సోకినట్టే. మాంటూలా కాకుండా, ఇగ్రా అనే రక్తపరీక్ష, సైటీబీ అనే చర్మపరీక్ష బీసీజీ టీకా వల్ల తప్పుదారి పట్టవు.

నివారణ చికిత్స

గతంలో ఇంట్లోని చిన్నపిల్లలకే ఇచ్చిన నివారణ మందును జాతీయ కార్యక్రమపు 2021 మార్గదర్శకాలు అన్ని వయసుల కుటుంబ సభ్యులకూ విస్తరించాయి. అయిదేళ్లలోపు పిల్లలకు, హెచ్‌ఐవీ ఉన్నవారికి జబ్బు లేదని తేలితే చాలు, సోకిందన్న రుజువు అక్కర్లేదు. ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్ వాడతారు. లేదా ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికోసారి 12 మోతాదులు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మందు ఆపి వైద్యుణ్ని కలవాలి. మందులకు లొంగని టీబీ ఉన్న ఇంట్లో ఏ మందివ్వాలో నిపుణులే నిర్ణయిస్తారు.

సత్తెనపల్లి ప్రాంతంలో

2022 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా నుంచి పల్నాడు జిల్లాలోకి వచ్చిన సత్తెనపల్లి చుట్టూ పత్తి, మిర్చి ప్రధాన పంటలు. కల్లాల్లో మిరప ఘాటుకు, జిన్నింగ్ మిల్లుల్లో పత్తి దుమ్ముకు దగ్గు రావడం మామూలే. అందుకే రెండు వారాలు దాటిన దగ్గును కూడా ఘాటు దగ్గనుకొని వదిలేసే ప్రమాదముంది. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చే కూలీలు చేల దగ్గర గుడారాల్లో కలిసి పడుకుంటారు. వారిలో ఒకరికి టీబీ అని తేలితే ఆ గుడారంలోని వారందరినీ కుటుంబంగానే లెక్కించాలి. కోతలయ్యాక వాళ్లు సొంతూరు చేరినా, జాతీయ కార్యక్రమపు నిక్షయ్ పోర్టల్‌లో నమోదైన వివరాలను అక్కడి కేంద్రానికి బదిలీ చేస్తే మందు మధ్యలో ఆగదు. నివారణ మందు మోతాదులు పూర్తయ్యాక కూడా రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి లక్షణాలు చూడాలి.