తపాలా బిళ్ళకి చిల్లులెందుకు?

ఆఫీసు లాప్‌టాప్ మీద కంపెనీ స్టిక్కరు చూశారుగా? దాని తాతగారు తపాలా బిళ్ళ మీదున్నాడు. గుమాస్తాలు బిళ్ళలు కాజేస్తున్నారని, కంపెనీ పొడి అక్షరాల్ని వాటిలో చిల్లులుగా పొడవడానికి 1868లో బ్రిటిష్ తపాలాశాఖ ఒప్పుకుంది. యంత్రం జోసెఫ్ స్లోపర్‌ది. 1924లో వచ్చిన బ్రిటన్ మొదటి స్మారక బిళ్ళల్లోనూ ఈ చిల్లులవి దొరుకుతాయి. ఇండియాలో కూడా కంపెనీలు ఇదే పని చేశాయి. పాడైన బిళ్ళలని ఒకప్పుడు పారేసినవాటినే ఇప్పుడు ఏరుకుంటున్నారు.

మన బందరు 1611లో ఈస్టిండియా కంపెనీ దిగిన రేవు, 1923లో ఆంధ్రా బ్యాంకు పుట్టిన ఊరు. వ్యాపారపు ఉత్తరాలకి కొదవుండదు. దివిసీమలో ఎన్నో ఇళ్ళ కాగితాల్ని 1977 ఉప్పెన తీసుకుపోయింది. బందరులో, గుడివాడలో అటక మీద మిగిలిన కవర్లని తూకానికి వెయ్యకండి. ఒకసారి వెలుగుకి ఎత్తి చూడండి. బిళ్ళని మాత్రం ఊడదియ్యొద్దు: చిల్లులు కంపెనీని చెబితే, పక్కనున్న ముద్ర ఊరినీ తేదీనీ చెబుతుంది. రెండూ కలిస్తేనే చరిత్ర.