రెండు ఎర్ర మూతలు

రాత్రి పదకొండున్నర దాటింది. మంచినీళ్ల కోసం లేచిన మాస్టారి భార్యకు వంటింటి గడప దగ్గర బెల్లం కనిపించింది. లేవబోయి కూలబడుతోంది. ముందుకాళ్లు ఒకవైపు, నడుము ఇంకోవైపు, పూటుగా కల్లు తాగినవాడి వాలకం. పిలిస్తే తలెత్తింది గానీ చూపు ఆవిడ మీద నిలవలేదు. మూతి దగ్గర మీసాలు సన్నగా వణుకుతున్నాయి.

"ఏవండీ! లేవండి! బెల్లంగాడికేదో అయిపోతోంది!"

బెల్లం అంటే పిల్లి. రంగును బట్టి పెట్టిన పేరు. ఇంట్లో మనుషుల పేర్లు మాత్రం రాయొద్దని మాస్టారి షరతు. ఆయన దగ్గర తొమ్మిదో తరగతి లెక్కలు చదువుకున్నవాణ్ణి, కాదనలేకపోయాను. "ఊరు విశాఖపట్నం, పేట పెదవాల్తేరు, తప్పు నాది. ఇంతవరకు రాసుకోరా. పిల్లి పేరంటావా, రాసుకో. వాడేం పరువునష్టం దావా వెయ్యడు" అన్నారు.

ఎనిమిదేళ్ల కిందట కూతురు అరచేతిలో పట్టేంత పిల్లను తెచ్చింది. తర్వాత ఆ అమ్మాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయింది, పిల్లి ఇక్కడే ఉండిపోయింది. ఆపరేషన్ చేయించిన మగపిల్లి. గడప దాటదు. పొద్దున పాలన్నం, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం మాస్టారి మేరీ బిస్కెట్టులో సగం. ఆరు కిలోలు దాటింది. పిల్లి పుట్టుకతో మాంసాహారి, అన్నాన్నీ బిస్కెట్లనూ సర్దుకునే ఒళ్లు కాదది. మన ఇళ్లలో ఈ మాట ఎవరికి గుర్తుంటుంది?

జబ్బు సంగతి ముందు పసిగట్టినవి చీమలు. పిల్లి ఒంటికి పోసే ఇసుక తొట్టి చుట్టూ బారులు తీరాయి. "మీకు షుగరొచ్చినప్పుడు బాత్రూంలో పట్టినట్టే పట్టాయండీ" అందావిడ. పదకొండేళ్ల కిందట మాస్టారి జబ్బు బయటపడిందీ అలాగే. మధుమేహమనే మాటలోనే తేనె ఉంది కదా. ఆపైన నీళ్ల గిన్నె పూటకు రెండుసార్లు నింపాల్సి రావడం, ఎంత తిన్నా వీపు మీద ఎముకలు తేలడం, వెనక మడమలు నేలకు ఆనించి కుందేలులా నడవడం. నరాలకు షుగరు దెబ్బ తగిలితే పిల్లుల్లో కొన్నింటికి ఆ నడక వస్తుంది.

డాక్టరమ్మ దగ్గర తూకం వేస్తే నాలుగున్నర కిలోలు. రక్తంలో షుగరు 380. అయినా ఆవిడ వెంటనే తేల్చెయ్యలేదు. ఆస్పత్రి బల్ల ఎక్కితే చాలు, భయానికే పిల్లి షుగరు పైకెగురుతుంది. అందుకని గత రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోజమిన్ పరీక్ష కూడా చేయించి, అప్పుడు చీటీ రాసింది: గ్లార్జిన్ ఇన్సులిన్, పూటకు ఒక్క యూనిట్, పన్నెండు గంటలకోసారి. అన్నం, పాలు, బిస్కెట్లు బంద్.

మనుషులకు రోజుకోసారి సరిపోయే మందు పిల్లికి రెండుసార్లు కావాలి. దాని ఒంట్లో త్వరగా ఖర్చయిపోతుంది. "మీటరు పెద్ద అంకె చూపించిందని ఆ పూటకు పెంచెయ్యకండి మాస్టారూ. వారం రోజుల అంకెలు తెచ్చి చూపించండి. పెంచాలో తగ్గించాలో నేను చెబుతా. తినకపోతే ఫోన్ చెయ్యండి. సూది పక్కకు జారి మందు బొచ్చులో పోయిందేమోనని అనుమానం వచ్చినా సరే, రెండోసారి మాత్రం పొడవద్దు" అంది డాక్టరమ్మ.

లెక్కల మాస్టారికి ఇంతకంటే నచ్చే జబ్బు ఉంటుందా? నోటు పుస్తకానికి గళ్లు కొట్టారు. టైము, షుగరు, తిండి, మోతాదు, రిమార్కులు. చెవి అంచును వెచ్చటి గుడ్డతో కాస్త కాపి, లాన్సెట్‌తో గుచ్చితే ఆవగింజంత రక్తపు బొట్టు వస్తుంది. పిల్లి ఒకసారి గింజుకుంటుంది, ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పడితే మరిచిపోతుంది. మూడో వారానికి డాక్టరమ్మ మోతాదు రెండు యూనిట్లు చేసింది. అంకెలు దిగుతున్నాయి. అంతా సవ్యంగానే ఉంది.

ఇబ్బందల్లా ఫ్రిజ్‌లో ఉంది. తలుపు అరలో రెండు ఇన్సులిన్ సీసాలు పక్కపక్కనే ఉండేవి. మాస్టారిది మిల్లీలీటరుకు 40 యూనిట్లది, మన మందుల షాపుల్లో సీసాల్లో దొరికేది ఎక్కువగా అదే. దాని సిరంజికి ఎర్ర మూత. బెల్లానిది మిల్లీలీటరుకు 100 యూనిట్లది. దాని సిరంజికి నారింజ రంగు మూత. సిరంజి మీద గీతలు ఏ మందుకు ఆ మందుకే లెక్కగట్టి ఉంటాయి. ఈ సంగతి మాస్టారికి తెలుసు. భార్యకు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది ఆయనే.

ఆ రోజు ఆవిడ చెల్లెలి ఇంట్లో నోముకని మధ్యాహ్నమే అనకాపల్లి వెళ్లింది, తిరిగొచ్చేసరికి రాత్రి పొద్దుపోయింది. పిల్లికి సూది వేసేది రోజూ ఆవిడే. సాయంత్రం ఏడింటికి మాస్టారు ముందు తన సూది తాను వేసుకున్నారు. పిల్లి గిన్నె ఖాళీ చేశాక ఫ్రిజ్ తీశారు. సీసా సరైనదే తీశారు. చెయ్యి మాత్రం పదకొండేళ్లుగా పోయే డబ్బాలోకే పోయింది. రెండు గీతల వరకు మందు లాగి, పక్కటెముకల మీద వదులు చర్మం గుడారంలా ఎత్తి పొడిచారు. మోతాదు గడిలో 2 వేశారు. టీవీ పెట్టుకున్నారు.

పదకొండున్నరకు మీటరు చూపించిన అంకె 34. మనుషుల మీటరు పిల్లి రక్తానికి ఉన్నదానికంటే కాస్త తక్కువే చూపిస్తుంది. కానీ కళ్లెదుట ఒళ్లు తూలుతుంటే ఆ కాస్తతో పనేముంది?

డాక్టరమ్మ రెండో రింగుకే ఎత్తింది.

"మూర్ఛ వచ్చిందా?"

"లేదమ్మా, వణుకు. నిలబడలేకపోతున్నాడు."

"ఇంట్లో తీపి ఏముంది?"

మాస్టారి భార్య అప్పటికే బెల్లం డబ్బా పట్టుకుని నిలబడింది. బెల్లానికి బెల్లం! ఫోన్లోంచే వద్దని కేక వినిపించింది. బెల్లం అరిగితే గానీ రక్తంలోకి ఎక్కదు, అంత వ్యవధి లేదు. తేనె గానీ గ్లూకోజ్ పొడి గానీ కావాలి. "గొంతులో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెదవి ఎత్తి చిగుళ్లకు రాయండి. వేలు పళ్ల మధ్యకు పోనివ్వకండి."

గ్లూకోజ్ పొడి నీళ్లతో ముద్దలా కలిపి ఆవిడే రాసింది. తల ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లకు ఉగ్గు నాకించినట్టు, కొంచెం కొంచెంగా. మాస్టారు ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డారు.

"సాయంత్రం ఎంత ఇచ్చారు?"

"రెండేనమ్మా."

"సిరంజి మూత ఏ రంగు?"

ఆయన మాట్లాడలేదు. వాడేసిన సూదులు పాత హార్లిక్స్ సీసాలో వేస్తారు. వెళ్లి లైటు కింద పట్టి చూశారు. అన్నిటికంటే పైన రెండు ఎర్ర మూతలున్నాయి. ఒకటి తనది. రెండోదాని గురించి అడగడానికి ఆ సాయంత్రం ఇంట్లో ఇంకో మనిషి లేడు.

"ముప్ఫై ఒక్కేళ్లు నిష్పత్తులు చెప్పాన్రా" అన్నారు నాతో, ఆ సీసా ఎత్తి చూపిస్తూ. "నలభై సిరంజిలో ఒక గీతంటే మిల్లీలీటరులో నలభయ్యో వంతు. అందులోకి వంద మందు ఎక్కితే గీతకు రెండున్నర యూనిట్లు. రెండు గీతలకు అయిదు. లెక్క అరక్షణంలో వచ్చేసింది. నోరే పెగల్లేదు."

పావుగంటకు 61. పిల్లి లేచి కూర్చుని మూతి నాక్కుంది, చికెన్ తింది. మాస్టారు గండం గడిచిందనుకున్నారు. డాక్టరమ్మ ఫోన్ పెట్టనివ్వలేదు. తేనైనా గ్లూకోజైనా దాని బలం కాసేపే, ఒంట్లో ఉన్న గ్లార్జిన్ బలం పూటంతా. ఆవిడ చెప్పినట్టే రెండు గంటలకు మళ్లీ 48కి జారింది. మళ్లీ గ్లూకోజ్, మళ్లీ తిండి. అరగంటకోసారి చెవి గుచ్చుతూ తెల్లవారేదాకా ఇద్దరూ వంటింటి నేల మీదే కూర్చున్నారు. ఆవిడ ఒక్క మాట అనలేదట. "అని ఉంటే బాగుండేదిరా" అన్నారు మాస్టారు.

పొద్దున్నే ఆస్పత్రికి పరుగెత్తారు. మధ్యాహ్నం దాకా సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించారు. ఆ రోజు రెండు పూటలా ఇన్సులిన్ మానేసి, మర్నాడు మళ్లీ ఒక్క యూనిట్‌తో మొదలుపెట్టించింది డాక్టరమ్మ.

నాకా పుస్తకం చూపించారు. ఆ తేదీకి ఎదురుగా మోతాదు గడిలో 2 కొట్టేసి, ఎర్ర సిరాతో 5 అని ఉంది. రిమార్కుల గడి ఖాళీ.

ఇది జరిగి నాలుగు నెలలు. ఇప్పుడు బెల్లం మోతాదు అర యూనిట్. అర గీతలున్న సిరంజి ప్రత్యేకంగా తెప్పిస్తున్నారు. మడమలు నేలకు ఆనడం లేదు. త్వరగా పట్టుకుని, తిండి మార్చిన పిల్లుల్లో కొన్నింటికి ఇన్సులిన్ అవసరం పూర్తిగా పోతుందని, అప్పుడు పాత మోతాదే ఇస్తూ పోతే మళ్లీ 34 చూడాల్సి వస్తుందని డాక్టరమ్మ హెచ్చరించింది. అందుకే మాస్టారు ఇప్పుడు పెద్ద అంకెల కంటే చిన్న అంకెలకే ఎక్కువ కంగారు పడుతున్నారు.

నేనున్నప్పుడే ఏడు కొట్టింది. ఎర్ర మూతల డబ్బా ఇప్పుడు ఫ్రిజ్ ఛాయలకు లేదు, పడగ్గది బీరువాలోకి మారింది. ఫ్రిజ్ తలుపు చప్పుడుకి పిల్లి సోఫా మీంచి దూకింది. వంటింట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఏ రంగండీ?"

మాస్టారు సిరంజిని ట్యూబులైటు కేసి ఎత్తి పట్టుకున్నారు.

"నారింజే!"

"నాకు చూపించి వెయ్యండి."

ఆయన వంటింట్లోకి నడిచారు. వెనకే తోకెత్తుకుని బెల్లం.