వంతునీరు, కొల్లేటి గట్లు, కంప్యూటరు కోర్లు

ఒక కంప్యూటరులో మరొక కంప్యూటరును నడిపే విద్య నిన్నమొన్నటిదని పలువురు తలుస్తారు. నిజానికి అది 1967 నాటికే వాడుకలో ఉంది. అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐబీఎం పరిశోధకులు నిర్మించిన సీపీ-40 అనే వ్యవస్థ, ఒకే సిస్టమ్/360 యంత్రం మీద 14 మిథ్యాయంత్రాల వరకు నడిపేది. ప్రతి వాడుకరికీ యంత్రమంతా తనదేనన్న భావన. 1972లో ఐబీఎం వీఎం/370 పేరిట దీని వారసురాలిని విపణిలోకి తెచ్చింది.

అందరికీ ఒక్క ప్రాసెసరు ఎలా చాలింది? గోదావరి పశ్చిమ డెల్టా రైతుకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. దాళ్వాలో నీరు చాలనప్పుడు కాలువలకు వంతులు పెడతారు. నీరు పెరగదు, పారే వేళ మారుతుంది, అంతే. సీపీ-40లోని నియంత్రణ ప్రోగ్రాము కూడా కాలాన్ని చిన్నచిన్న తునకలు చేసి వంతులు వేసింది.

ఒక్కో యంత్రంలో పలు ప్రాసెసర్లు, కోర్లు వచ్చాక కొత్త చిక్కు పుట్టింది. వీఎంవేర్ వారి తొలినాటి ఈఎస్‌ఎక్స్‌లో, రెండు ప్రాసెసర్లు గల అతిథికి ఆ రెండింటినీ ఒకేసారి ఇవ్వవలసి వచ్చేది. ఒక్కటే ఖాళీగా ఉంటే అతిథి రెండవదాని కోసం కాచుకొనేది. కనుక ఎక్కువ కోర్లు అడిగిన అతిథి ఒక్కొక్కసారి మరింత నెమ్మదించేది. 2006లో వచ్చిన ఈఎస్‌ఎక్స్ 3 ఈ నియమాన్ని సడలించింది.

మరి ఆతిథ్యమిచ్చే యంత్రం మాటేమిటి? ఇక్కడ నాకు ఏలూరు పక్కనున్న కొల్లేరే గుర్తుకొస్తుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను తనలో నిలుపుకొని, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి విడవడం దాని పని. చేపల చెరువుల గట్లు సరస్సు గర్భంలోకి పాకాయి. విడివిడిగా చూస్తే ఏ చెరువూ పెద్దది కాదు. అన్నీ కలిసేసరికి వరద నిలిచే చోటు కరవైంది. 1999లో అయిదవ కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో గట్లు కొట్టించారు. అప్పటికి ఆ చెరువుల మీదే బతుకుతున్న కుటుంబాలు ఎన్నో! హద్దును ముందే పాటించి ఉంటే సరస్సుకూ, వారికీ ఆ కష్టం తప్పేది.

కంప్యూటరులోనూ అంతే. అతిథి డిస్కు పనులు, నెట్‌వర్కు పనులు చివరకు ఆతిథేయే చేసిపెట్టాలి. కోర్లన్నీ అతిథి పనికే పోతే ఆతిథేయి ఉక్కిరిబిక్కిరవుతుంది, దానితోపాటు అతిథీ ఆగుతుంది. అందుకే నాలుగు కోర్ల యంత్రంలో నేను అతిథికి రెండే ఇస్తాను, మరీ అవసరమైతే మూడు. హైపర్ థ్రెడింగు వలన తెరమీద ఎనిమిది కనిపించినా లెక్కకు నాలుగే తీసుకుంటాను. మిత్రులారా, మీరూ ఒకటితో మొదలుపెట్టి, పని చూసి పెంచండి. మిగిలిన కోరు వృథా కాదు, అది వరదకు విడిచిన చోటు.