చేతి జీపీఎస్ పరికరం

కొండల్లో, అడవుల్లో నడిచేవారు తామున్న చోటును ఉపగ్రహ సంకేతాలతో తెలుసుకునేందుకు వాడే అరచేతి సాధనం. పౌరులకు అమ్మిన తొలి నమూనా మెజెల్లాన్ నావ్ 1000 (1989). సంకేతాల్లో ఉద్దేశపూర్వకంగా కలిపిన దోషాన్ని 2000 మేలో అమెరికా తొలగించాక ఖచ్చితత్వం బాగా పెరిగింది.

తెర కొలతే నమూనాల మధ్య ముఖ్య భేదం. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్‌కు 2.2 అంగుళాల తెర, బొత్తాలు ఉంటాయి; బరువు సుమారు 142 గ్రాములు. రెండు ఏఏ బ్యాటరీలతో 25 గంటల దాకా పనిచేస్తుంది. జీపీఎస్‌మ్యాప్ 66 తెర 3 అంగుళాలు. మోంటానా 700కు 5 అంగుళాల టచ్ స్క్రీన్ ఉంది. బరువు దాదాపు 400 గ్రాములు. పెద్ద తెరపై పటంలో ఎత్తును చూపే కాంటూరు గీతలు ఎక్కువ మేర ఒకేసారి కనిపిస్తాయి. వానలో, చేతి తొడుగులతో మాత్రం బొత్తాలదే పైచేయి. ఈ తెరలు ఎండ వెలుగును వెనక్కి పంపి చూపుతాయి కనుక పట్టపగలు బ్యాక్‌లైట్ అవసరం తక్కువ.