నార్వే: ఆక్రమణ కాలపు సంతానం

రెండవ ప్రపంచయుద్ధంలో 1940 ఏప్రిల్ నుంచి 1945 మే వరకు నార్వే జర్మనీ ఆక్రమణలో ఉంది. అప్పటి జనాభా సుమారు 30 లక్షలు. ఆక్రమణదారులతో చేతులు కలిపినవారిని యుద్ధం ముగిశాక న్యాయస్థానాలు విచారించి శిక్షించాయి. వారి పిల్లల మీద ఏ కేసూ లేదు, ఏ చట్టమూ వారిని దోషులు అనలేదు. అయినా పెద్దల పేరు వారిని వెంటాడింది. ఈ పిల్లలు ప్రధానంగా రెండు వర్గాలు: నాజీ అనుకూల పార్టీ సభ్యుల సంతానం ఒకటి, జర్మన్ సైనికులకు నార్వే స్త్రీలకు పుట్టినవారు రెండోది. రెండో వర్గాన్ని నార్వేలో 'క్రిగ్స్‌బార్న్', అంటే యుద్ధ శిశువులు అంటారు.

ఆక్రమణ

మొదటి ప్రపంచయుద్ధంలో నార్వే తటస్థంగా ఉండగలిగింది. రెండోసారి అది సాగలేదు. స్వీడన్‌లో తవ్విన ఇనుప ఖనిజం చలికాలంలో నార్విక్ రేవు మీదుగా జర్మనీకి చేరేది. ఆ దారి బ్రిటన్ చేతికి పోకూడదని, ఉత్తర అట్లాంటిక్ వైపు నౌకా స్థావరాలు కావాలని హిట్లర్ 1940 ఏప్రిల్ 9న నార్వే, డెన్మార్క్‌ల మీదికి ఒకేసారి సేనలు పంపాడు. డెన్మార్క్ కొన్ని గంటల్లోనే లొంగిపోయింది. నార్వే రెండు నెలలు పోరాడింది.

ఆ తెల్లవారుజామున ఆస్లో ఫ్యోర్డ్‌లోని ఆస్కార్స్‌బోర్గ్ కోట దగ్గర జరిగిన ఘటన యుద్ధగతిని కొంత మార్చింది. కోట అధిపతి బిర్గర్ ఎరిక్సెన్ అరవై దాటిన కర్నల్. ఆయన దగ్గరున్న ఫిరంగులు 1890లలో జర్మనీకే చెందిన క్రుప్ కర్మాగారంలో తయారైనవి, టార్పెడోలు కూడా దాదాపు ఆ కాలం నాటివే. వాటితోనే ఆయన బ్లూషర్ అనే సరికొత్త జర్మన్ యుద్ధనౌకను ముంచేశాడు. రాజధానికి రావలసిన సేన ఆలస్యమైంది. ఆ వ్యవధిలో రాజు ఏడో హాకన్, మంత్రివర్గం, పార్లమెంటు సభ్యులు ఊరు దాటారు. దేశపు బంగారు నిల్వలూ తరలిపోయాయి. నాజీ అనుకూల పార్టీ నాయకుడు క్విస్లింగ్‌ను ప్రధానిగా నియమించాలని జర్మనీ ఒత్తిడి చేసినప్పుడు, అంతకన్నా సింహాసనం వదులుకుంటానని రాజు మంత్రులకు చెప్పాడు. జూన్ 7న రాజు, ప్రభుత్వం ట్రోమ్సో నుంచి ఓడలో లండన్ బయల్దేరారు.

క్విస్లింగ్

విడ్కున్ క్విస్లింగ్ (1887–1945) సైనికాధికారి. 1920లలో రష్యా కరువు బాధితులకు సాయం అందించడంలో నార్వే అన్వేషకుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్‌తో కలిసి పనిచేశాడు. 1931 నుంచి 1933 వరకు రక్షణమంత్రి. 1933లో 'నస్యోనల్ సామ్లింగ్' (జాతీయ ఐక్యత) పార్టీ పెట్టాడు. యుద్ధానికి ముందు ఆ పార్టీకి పార్లమెంటులో ఒక్క స్థానం కూడా దక్కలేదు.

ఆక్రమణ మొదలైన రోజు సాయంత్రం అతడు రేడియోలో తనను తానే ప్రధానిగా ప్రకటించుకున్నాడు. జనం ససేమిరా అనడంతో ఆరు రోజులకే జర్మన్లు అతణ్ని పక్కన పెట్టారు. అప్పటికే పేరు మాటగా మారిపోయింది. ఏప్రిల్ 19న లండన్ టైమ్స్ సంపాదకీయం 'క్విస్లింగ్' అనే పదాన్ని ఇంటిదొంగ అనే అర్థంలో వాడింది. తర్వాత అది అనేక భాషల నిఘంటువుల్లో చేరింది.

అసలు అధికారం జర్మన్ పాలకుడు జోసెఫ్ టెర్బోవెన్‌ది. 1942 ఫిబ్రవరి 1న క్విస్లింగ్‌కు 'మంత్రి అధ్యక్షుడు' అనే పదవి ఇచ్చారు. ఉపాధ్యాయులందరూ తన పార్టీ సంఘంలో చేరాలని అతడు ఆదేశించగా, దేశంలోని 14,000 మంది ఉపాధ్యాయుల్లో దాదాపు 12,000 మంది చేరమని ఉత్తరాలు రాశారు. సుమారు 1,100 మందిని నిర్బంధించారు. వారిలో కొన్ని వందల మందిని ఉత్తరాన కిర్కెనెస్‌కు తోలి చాకిరీ చేయించారు. బిషప్పులు రాజీనామా చేశారు. మామూలు జనం కోటు అంచున పేపర్ క్లిప్ పెట్టుకుని తిరిగారు. కాగితాలను విడిపోకుండా పట్టి ఉంచే ఆ చిన్న తీగ ముక్క 'మేమంతా ఒకటే' అని చెప్పే గుర్తు అయింది.

మరోవైపు పార్టీ సభ్యత్వం 1943 నాటికి 43,000 దాటింది. వేలమంది యువకులు నాజీల సాయుధ దళమైన వాఫెన్ ఎస్ఎస్‌లో చేరి తూర్పు యుద్ధరంగానికి వెళ్లారు. 1942 నవంబర్ 26న 'డోనావు' అనే ఓడ 532 మంది యూదులను ఆస్లో రేవు నుంచి తీసుకుపోయింది. వారిని ఇళ్లలోంచి పట్టుకొచ్చింది ఎక్కువగా నార్వే పోలీసులే. నార్వే నుంచి తరలించిన యూదులు మొత్తం దాదాపు 770 మంది. బతికి తిరిగొచ్చినవారు నలభై మంది లోపే.

విచారణలు

విముక్తి తర్వాత 90,000కు పైగా కేసులు విచారణకు వచ్చాయి. 46,000 మందికి పైగా ఏదో ఒక శిక్ష పడింది. ప్రవాస ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం నస్యోనల్ సామ్లింగ్‌లో సభ్యులుగా ఉండటమే నేరం. అందుకే శిక్షలు విస్తృతంగా పడ్డాయి: జైలు, జరిమానా, ఆస్తి జప్తు, ఓటు హక్కు రద్దు. 25 మంది నార్వే జాతీయులకు మరణశిక్ష అమలైంది. క్విస్లింగ్‌ను 1945 అక్టోబర్ 24న ఆకెర్స్‌హుస్ కోటలో కాల్చి చంపారు.

సాహిత్య నోబెల్ గ్రహీత క్నూట్ హామ్‌సన్ కేసు దేశాన్ని కలవరపెట్టింది. అతడు తన నోబెల్ పతకాన్ని నాజీ ప్రచారమంత్రి గోబెల్స్‌కు కానుకగా ఇచ్చాడు. హిట్లర్ చనిపోయాక పత్రికలో మెచ్చుకోలు నివాళి రాశాడు. వృద్ధాప్యం వల్ల జైలు తప్పింది గాని 3,25,000 క్రోనర్ల జరిమానా పడింది.

జరిమానా కట్టేది ఒక మనిషే అయినా కరిగేది కుటుంబపు ఆస్తి. తండ్రి జైలుకు పోతే కూడూ గూడూ చూసుకునే భారం తల్లి మీద, పెద్ద పిల్లల మీద పడేది.

పార్టీ సభ్యుల పిల్లలు

క్విస్లింగ్‌కు సంతానం లేదు. అతడి పేరు మాత్రం వేల ఇళ్లలో పిల్లలకు తిట్టుగా మిగిలింది. పార్టీ సభ్యుల పిల్లల్లో చాలామంది బడిలో వెలివేతను, ఇంట్లో మౌనాన్ని ఎదుర్కొన్నారు. యుద్ధకాలం గురించి ఇంట్లో అడగకూడదు, బయట చెప్పకూడదు. దేశం తనను తాను ప్రతిఘటన వీరుల దేశంగా చెప్పుకునే కాలంలో వీరి జ్ఞాపకాలకు చోటు లేకపోయింది.

దశాబ్దాల తర్వాత వారే పుస్తకాలు రాయడం మొదలుపెట్టారు. వాఫెన్ ఎస్ఎస్ సైనికుడి కొడుకైన రచయిత ఐస్టైన్ ఎగ్గెన్ 1993లో తన బాల్యం గురించి రాసిన పుస్తకం చర్చను బయటికి తెచ్చింది. అదే నేపథ్యం గల పాత్రికేయుడు బ్యోర్న్ వెస్ట్లీ 2008లో 'ఫార్స్ క్రిగ్' (నాన్న యుద్ధం) రాశాడు. తండ్రి దళం సాగిన దారిలో ఉక్రెయిన్‌లో జరిగిన యూదుల హత్యలను అందులో పరిశీలించాడు. దానికి నార్వే సాహిత్య పురస్కారమైన బ్రాగె వచ్చింది.

యుద్ధ శిశువులు

జర్మన్ సైనికులకు నార్వే స్త్రీలకు పుట్టిన పిల్లలు 10,000 నుంచి 12,000 మంది అని అంచనా. నార్వే ప్రజలను నాజీలు 'ఆర్య' జాతిగా లెక్కగట్టారు కాబట్టి ఈ జననాలను ప్రోత్సహించారు. ఎస్ఎస్ నడిపిన 'లెబెన్స్‌బోర్న్' సంస్థ ఇక్కడ ప్రసూతి గృహాలు, శిశు గృహాలు తెరిచి, సుమారు 8,000 మంది పిల్లలను నమోదు చేసింది.

విముక్తి వచ్చాక కథ తిరగబడింది. తల్లులకు వీధుల్లో జుట్టు కత్తిరించారు. ఎందరినో ఆస్లో పక్కనున్న హోవెదోయా ద్వీపంలో నిర్బంధించారు. జర్మన్లను పెళ్లాడిన స్త్రీల పౌరసత్వాన్ని 1945 ఆగస్టులో రద్దు చేసి జర్మనీకి పంపేశారు. జర్మన్ స్త్రీలను పెళ్లాడిన నార్వే పురుషులకు మాత్రం ఆ గతి పట్టలేదు. పిల్లలను ఏం చేయాలో తేల్చడానికి ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. వారిని ఆస్ట్రేలియా పంపాలన్న ఆలోచన కూడా చర్చకు వచ్చింది. ఆ తల్లులు మందబుద్ధులనీ, అది పిల్లలకూ వస్తుందనీ కొందరు వైద్యులు అభిప్రాయపడ్డారు. కొంతమంది పిల్లలు ఏ జబ్బూ లేకుండానే మానసిక వికలాంగుల ఆశ్రమాల్లో పెరిగారు. 'టిస్కర్‌ఉంగె' (జర్మన్ పిల్ల) అన్న పిలుపు బడిలోనూ వీధిలోనూ తప్పేది కాదు.

వీరిలో లోకమంతా ఎరిగిన పేరు అబ్బా బృంద గాయని అన్ని-ఫ్రిద్ లింగ్‌స్టాడ్. ఆమె 1945 నవంబర్‌లో నార్విక్ సమీపంలో పుట్టింది. ఊరి నోళ్లకు దూరంగా అమ్మమ్మ ఆమెను పసితనంలోనే స్వీడన్ తీసుకెళ్లింది. తల్లి 21 ఏళ్లకే చనిపోయింది. చనిపోయాడనుకున్న తండ్రిని ఆమె 1977లో మొదటిసారి చూసింది. అప్పటికి ఆమె ప్రపంచ ప్రసిద్ధురాలు.

క్షమాపణ, పరిహారం

1980లలో యుద్ధ శిశువులు సంఘంగా ఏర్పడ్డారు. 2000 నూతన సంవత్సర ప్రసంగంలో ప్రధాని షెల్ మాగ్నె బోన్దెవిక్ వారికి క్షమాపణ చెప్పాడు. కొందరు ప్రభుత్వం మీద దావా వేయగా, కాలపరిమితి దాటిందని నార్వే న్యాయస్థానాలు కొట్టేశాయి. యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం కూడా 2007లో ఆ ఫిర్యాదును స్వీకరించలేదు. ఈలోగా పార్లమెంటు 20,000 నుంచి 2,00,000 క్రోనర్ల వరకు పరిహారం మంజూరు చేసింది. తల్లులకు క్షమాపణ ఇంకా ఆలస్యమైంది. 2018లో ప్రధాని ఎర్నా సోల్బర్గ్ ఆ మాట చెప్పేనాటికి వారిలో చాలామంది బతికి లేరు.

మరో చిన్న దేశంలో

నెదర్లాండ్స్‌లో నాజీ సహకారుల పిల్లలు 1981లో 'హెర్కెనింగ్' అనే పరస్పర సహాయ సంఘం పెట్టుకున్నారు. 2025 జనవరిలో అక్కడ యుద్ధానంతర విచారణల్లో అనుమానితులుగా నమోదైన సుమారు 4,25,000 మంది పేర్లు ఇంటర్నెట్‌లో పెట్టారు. పత్రాలన్నీ పెట్టాలనుకున్నా వ్యక్తిగత గోప్యత కారణంగా ఆగారు. తాతల చరిత్ర తెలుసుకునే హక్కు ముఖ్యమా, మనవల పరువు ముఖ్యమా అన్న వాదం అక్కడ ఇంకా తేలలేదు.

గిమ్లె భవనం

పాత్రికేయుడు వెస్ట్లీ తండ్రి గురించి రాయడానికి చాలా ముందే, 1995లో, నార్వే యూదుల ఆస్తులు యుద్ధకాలంలో ఎలా దోపిడీకి గురయ్యాయో, తర్వాత ఎంత తక్కువ తిరిగి ఇచ్చారో తన పత్రికలో వెలికితీశాడు. దాంతో ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. 1999లో పార్లమెంటు 45 కోట్ల క్రోనర్ల పరిహారం ఆమోదించింది. ఆ ఒప్పందంలో భాగంగా హోలోకాస్ట్ అధ్యయన కేంద్రం ఏర్పడింది. దానికి ఇచ్చిన భవనం ఆస్లోలోని బిగ్దోయ్‌లో ఉన్న విల్లా గ్రాండె. ఆక్రమణ కాలంలో క్విస్లింగ్ కాపురమున్న ఇల్లు అదే. నార్స్ పురాణంలో ప్రళయం తర్వాత కూడా నిలిచే భవనం పేరు తీసి అతడు దానికి 'గిమ్లె' అని పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ గదుల్లో 'డోనావు' ఓడ ఎక్కినవారి చరిత్ర చెబుతున్నారు. ఆ ఇల్లు ఇలా మారడానికి దారితీసిన వార్త రాసింది, తూర్పు యుద్ధరంగంలో జర్మనీ తరఫున పోరాడినవాడి కొడుకు.