ప్రొపెల్లరు విమానాల ఛాయాచిత్రణలో షట్టరు వేగము

కదులుతున్న ప్రొపెల్లరు విమానాన్ని ఫొటో తీసేటపుడు కెమెరా షట్టరు ఎంతసేపు తెరచి ఉండాలో నిర్ణయించుకోవడం విమాన ఛాయాచిత్రణలో ఒక ముఖ్యమైన సమస్య. జెట్ విమానాన్ని 1/1000 సెకనులో తీస్తే చిత్రం స్పష్టంగా వస్తుంది, లోటేమీ కనబడదు. ప్రొపెల్లరు విమానాన్ని అదే వ్యవధిలో తీస్తే బ్లేడులు దాదాపు నిశ్చలంగా కనబడి, ఇంజను ఆగిపోయిన విమానం గాలిలో వేలాడుతున్నట్లు ఉంటుంది. వ్యవధి పెంచితే బ్లేడుల భ్రమణం కనబడుతుంది గాని విమానమే మసకబారే ప్రమాదం ఉన్నది. ఈ రెంటికీ పొందిక కుదర్చడమే ఇందులోని కీలకాంశం.

లెక్కించే విధానము

ప్రొపెల్లరు నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యను 6 తో గుణిస్తే, అది సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో తెలుస్తుంది. దానిని షట్టరు వ్యవధితో గుణిస్తే ఫొటోలో బ్లేడు ఎన్ని డిగ్రీల మేర పరచుకుంటుందో వస్తుంది. ఈ కోణం రెండు బ్లేడుల మధ్యనున్న ఎడముతో సమానమైతే ప్రొపెల్లరు పూర్తి వలయంగా కనిపిస్తుంది. రెండు బ్లేడులుంటే ఈ ఎడము 180 డిగ్రీలు, మూడుంటే 120, నాలుగుంటే 90, ఆరుంటే 60. పూర్తి వలయం రాకపోయినా, ఎడములో మూడవ వంతు పరచుకుంటే చాలు, ప్రొపెల్లరు తిరుగుతున్నట్లు చూపరికి తెలుస్తుంది.

ఉదాహరణలు

* సెస్నా 172: రెండు బ్లేడులు. నిమిషానికి 2,400 చుట్ల వద్ద బ్లేడు 1/1000 సెకనులో 14 డిగ్రీలు, 1/250 లో 58, 1/125 లో 115 డిగ్రీలు తిరుగుతుంది. పూర్తి వలయానికి 1/80 సెకను కావాలి.
* డగ్లస్ డీసీ-3 (డకోటా): మూడు బ్లేడులు. ఇంజను 2,700 చుట్లు తిరిగినపుడు, 16:9 గేర్ల వలన ప్రొపెల్లరు సుమారు 1,519 చుట్లే తిరుగుతుంది. 1/125 లో 73 డిగ్రీలు వస్తాయి. ఇంజను వేగాన్నే లెక్కలోకి తీసుకుంటే ఫలితం తప్పుతుంది.
* సీ-130జె: ఆరు బ్లేడులు, 1,020 చుట్లు. సెస్నా కంటే చాలా నెమ్మదిగా తిరిగినా, బ్లేడులు ఎక్కువ కాబట్టి 1/100 సెకనులోనే పూర్తి వలయం వస్తుంది.

నేలపై నెమ్మదిగా సాగే విమానంలో ప్రొపెల్లరు వేగం తక్కువ. సెస్నా 1,000 చుట్ల వద్ద ఉంటే పూర్తి వలయానికి సుమారు 1/33 సెకను అవసరం. హెలికాప్టర్ల ప్రధాన రోటరు ఇంకా నిదానం. ఎంఐ-17 రోటరు నిమిషానికి సుమారు 192 చుట్లే తిరుగుతుంది కనుక 1/125 లో కూడా 9 డిగ్రీలే కదులుతుంది.

విమానం మసకబారకుండా జాగ్రత్తలు

400 మిల్లీమీటర్ల లెన్సును చేతితో పట్టుకొని తీసేటపుడు 1/400 సెకను కంటే ఎక్కువ వ్యవధి పనికిరాదని ఒక స్థూల నియమం. దీనిని దాటడానికి పానింగ్ అనే పద్ధతి వాడతారు. కాళ్ళు కొంచెం ఎడంగా ఉంచి, నడుము నుండి తిరుగుతూ, విమానం వేగంతోనే కెమెరాను కదిలించాలి. బటను నొక్కిన తరువాత కూడా ఆ కదలికను ఆపరాదు. ఇంత చేసినా కొన్ని చిత్రాలు చెడిపోవడం సహజం. అందువలన అరుదైన విమానం ఒక్కసారే ఎదుటినుండి వెళ్ళే సందర్భంలో ముందుగా 1/500 లో ఒక చిత్రం భద్రపరచుకొని, తరువాత 1/250, 1/160, 1/125 కు క్రమంగా దిగడం మేలు.

ఎండలో ఐఎస్ఓ 100 వద్ద 1/125 సెకనుకు సుమారు ఎఫ్/16 ద్వారం అవసరం. అంతకంటే చిన్న ద్వారం వాడితే కాంతి వివర్తనం వలన స్పష్టత తగ్గుతుంది. ఇంకా ఎక్కువ వ్యవధి కావాలంటే కాంతిని తగ్గించే ఎన్.డి. ఫిల్టరు అమర్చాలి.

పలు డిజిటల్ కెమెరాలు, ఫోన్లలోని ఎలక్ట్రానిక్ షట్టరు చిత్రాన్ని వరుస వెంట వరుసగా నమోదు చేస్తుంది. ఆ లోపల బ్లేడు జరిగిపోవడంతో అది కొడవలిలా వంగినట్లు, లేదా ప్రొపెల్లరు నుండి ఊడినట్లు కనబడుతుంది. యాంత్రిక షట్టరుతో ఈ దోషం చాలావరకు తగ్గుతుంది.

భద్రత

ఫొటోలో వలయంగా అందంగా కనిపించే ప్రొపెల్లరు, నేలపై తిరుగుతున్నపుడు కంటికి దాదాపు కనబడదు. కనుక చిత్రం కోసం దాని దరికి పోరాదు. వైమానిక దళ స్థావరాలలో అనుమతి లేకుండా ఫొటోలు తీయడం నిషిద్ధం.