ఎల్‌కేజీ పాప సాక్ష్యం

హైదరాబాద్, బంజారాహిల్స్. 2022 అక్టోబరు. బీఎస్‌డీ డీఏవీ పబ్లిక్ స్కూల్లో ఎల్‌కేజీ చదివే నాలుగేళ్ల పాప దిగులుగా ఉంటోంది, ఉన్నట్టుండి ఏడుస్తోంది. తల్లి బుజ్జగించి అడిగింది. పాప చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను, రాయక్కర్లేదు.

ఇంటిల్లిపాదీ బడికి వెళ్లారు. పాప ప్రిన్సిపాల్ డ్రైవర్ని చూపించింది. అంతే, అంతా కలిసి అతన్ని చితకబాదారు. ఆ దృశ్యం టీవీల్లో పదే పదే తిరిగింది. కన్నకడుపు మంటను తప్పుపట్టలేను గానీ, కేసును నిలబెట్టింది ఆ దెబ్బలు కాదు, పోలీసులకిచ్చిన ఫిర్యాదు. డ్రైవరూ, నిర్లక్ష్యం ఆరోపణ మీద ప్రిన్సిపాలూ అరెస్టయ్యారు. ప్రభుత్వం బడి గుర్తింపు రద్దు చేసింది. మా పిల్లల చదువేం కావాలని మిగతా తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. దాంతో నవంబరులో బడి మళ్లీ తెరుచుకుంది.

2023 ఏప్రిల్‌లో నాంపల్లి కోర్టు తీర్పు చెప్పింది. లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే పోక్సో చట్టం కింద డ్రైవర్‌కు 20 ఏళ్ల కఠిన కారాగారం. ప్రిన్సిపాల్ నిర్దోషి.

ఇదే మన చిల్లకూరు లాంటి ఊళ్లో జరిగితే? పోలీసుకన్నా ముందు గడప తొక్కేది పెద్దమనిషి. "నలుగురికీ తెలిస్తే పిల్ల బతుకేంగావాల మా? హెడ్మాస్టరుతో నేను మాట్లాడతా గదా!" పోక్సో కేసులో ఊరి రాజీ చెల్లదని ఆయనకు తెలియదు, లేదా తెలిసే అంటాడు. ఆయన మాట విని వారం ఆగితే వైద్యపరీక్షలో దొరకాల్సిన ఆధారం పోతుంది. పిల్ల బట్టలు ఉతక్కండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా నేరుగా స్టేషన్‌కు వెళ్లండి. ఎస్సై ఫిర్యాదు తీసుకోనంటే ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నాడు.

పిల్లను స్టేషన్లో కూర్చోబెడతారని భయం అక్కర్లేదు. వాంగ్మూలం మీ ఇంట్లోనే తీసుకోవచ్చు, వచ్చే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. ఆడపిల్లను పరీక్షించేది లేడీ డాక్టరే, పక్కన మీరుంటారు. కోర్టులో నిందితుడు పిల్ల కంటపడకూడదు. ప్లీడరు నేరుగా ప్రశ్నలు వేయడానికి లేదు, జడ్జి ద్వారానే అడగాలి.

ప్రిన్సిపాల్ విడుదల సంగతి మాత్రం నన్ను వదలదు. కింది ఉద్యోగి నేరం చేసినట్టు తెలిసీ పోలీసులకు చెప్పని బడి పెద్దకు ఏడాది దాకా జైలని చట్టంలో ఉంది. ఆ తెలియడాన్ని రుజువు చేయడమే కష్టం. అందుకని ఏ బడి విషయంలోనైనా హెడ్మాస్టరుకు నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. తేదీ వేసి రాసివ్వండి, నకలు మీద సంతకం పెట్టించుకోండి. సీసీ కెమెరా రికార్డు చెరపొద్దని కూడా అందులోనే రాయండి.

బెత్తం దెబ్బలైతే దారి వేరు. "రెండు తగిలిస్తేగానీ చదువు రాదు సార్" అనే నాన్నలు మనలోనే ఉన్నారు. కానీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. తన అధీనంలోని పిల్లల్ని హింసించినవారికి 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు.

ఇక కోర్టు చుట్టూ తిరిగితే పోయే కూలి సంగతి. న్యాయ సేవాధికార సంస్థ ప్లీడర్ని ఉచితంగా ఇస్తుంది. పోక్సో కేసులో ఎఫ్ఐఆర్ అయ్యాక, తీర్పు దాకా ఆగకుండానే, మధ్యంతర పరిహారం ఇమ్మని ప్రత్యేక కోర్టును అడగవచ్చు.